ఒకే పేరుతో రెండు సోలలు

నాకు ఇంతకుముందు రాయడం రాకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నా చేతులు ఖాళీగా లేవు, అంతే. కోరుట్లలో మా నాయన మగ్గం గుంటలో కూర్చుంటే నేను గోడవారన రాట్నం ముందు కూర్చునేదాన్ని. నిలువు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం నా పని. నాయన ఒక కండె అయిపోగొట్టేలోగా ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. బడి గంట వినపడేది. అప్పుడు నా వేళ్ల మధ్య పోగు ఉండేది. పోగు వదిలితే మగ్గం ఆగుతుంది. తమ్ముణ్ణి బడికి పంపారు. వాడు చదువు మధ్యలోనే వదిలేసినా అక్షరాలు మాత్రం మిగుల్చుకున్నాడు.

నన్ను సిరిసిల్లకు ఇచ్చారు. అక్కడ మగ్గాల బదులు కరెంటు సాంచాలు. రాట్నం పోయి మోటారు మిషను వచ్చింది, కండెలు మాత్రం పోలేదు. పెళ్లి కాగానే మళ్లీ కండెల ముందే కూర్చున్నాను. బిడ్డ పుట్టింది, ఆయన పోయాడు, బిడ్డ పెద్దదైంది. అన్నీ ఆ మిషను పక్కనే జరిగాయి.

మోకాళ్లు మడత పడక కండెల పని మానేశాక నాకు అక్షరాలు వచ్చాయి. నేర్పింది నా బిడ్డే. పాలిటెక్నిక్ చదువు అయిపోయి ఉద్యోగం దొరకక అది ఇంట్లో ఉన్న రోజులవి. అది కంప్యూటర్ ముందు, నేను పలక ముందు. నేను రాసింది చూసి నవ్వేది.

"అమ్మా, గది 'అ' కాదు. కడుపునొప్పి లేసి ముడుసుకున్నట్టున్నది."

"నీ కంప్యూటర్ల ఉన్నయి మాత్రం సక్కగున్నయా? తేళ్లు పాకినట్టున్నయి."

"గవి సి భాష. తప్పు రాస్తె గది తిడతది. నువ్వు తప్పు రాస్తె నేను తిడత."

ఆ మాట నాకు అప్పుడు బాగా నచ్చింది. తప్పు రాస్తే కంప్యూటర్ ఒప్పుకోదట. అంత నికార్సైన పని నా బిడ్డకు దొరికిందని సంతోషపడ్డాను.

తర్వాత జగిత్యాలలో ఒక చిన్న దుకాణంలో దానికి ఉద్యోగం వచ్చింది. దుకాణమంటే అమ్మేది కాదు. ఒక సారు, నలుగురైదుగురు పిల్లలు, రెండు గదులు. అక్కడ చిన్న చిన్న డబ్బాలు తయారు చేస్తారు. డబ్బా లోపల చిప్పు, ఆ చిప్పు ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాం నా బిడ్డ రాస్తుంది. బావి మోటార్లకు కొన్ని డబ్బాలు, సాంచాలకు కొన్ని. సాంచకు పెట్టే డబ్బా పని ఒకటే. నిలువు పోగు తెగితే మోటారును ఆపాలి, ఎర్ర లైటు వెలిగించాలి. సాంచ నడిపే మనిషి పోగు ముడేసి ఆకుపచ్చ బటన్ ఒత్తితే సాంచ మళ్లీ నడుస్తుంది.

ఆ డబ్బాలు మొదట పెట్టింది మా తమ్ముడు పనిచేసే కార్ఖానాలోనే. తమ్ముడు నా వెనకాలే సిరిసిల్లకు వచ్చి, ఒక సేటు దగ్గర నాలుగు సాంచాలు నడిపేవాడు. మేనకోడలు చేసిన డబ్బా అని ఊరంతా చెప్పుకున్నాడు. పెట్టిన రోజు నన్ను కూడా పిలిచాడు.

"కోడలా, పోగు తెగితె లైటు ఎలుగుతది సరే. మీ అత్తకు కోపమచ్చే ముందుగాల ఎలిగే లైటేమన్న ఉన్నదా?"

"గా లైటు నీ మొకం మీదనే ఎలుగుతది మామా. నువ్వే సూసుకుంటలేవు."

సాంచాల చప్పుడులో ఈ మాటలు అనుకోవడానికి ఇద్దరూ గేటు దాకా రావాల్సి వచ్చింది. లోపల మాట వినపడదు. కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. గుప్పిట మూసి తిప్పితే కండె అయిపోయిందని, రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. నలభై ఏళ్లు అక్కడ పనిచేసినవాళ్లు ఇంట్లో కూడా సగం మాటలు చేతులతోనే చెబుతారు.

డబ్బా పెట్టగానే సేటు పాత ఇనుప హ్యాండిళ్లను ఊడదీయించి మూలకు వేయించాడు. ఇంతకుముందు పోగు తెగితే ఆ హ్యాండిల్ లాగేవాళ్లు. పట్టా జారి సాంచ ఆగేది. ఇప్పుడు దాని అవసరం లేదన్నాడు. ఇక సాంచను ఆపేది డబ్బా ఒక్కటే. అది కాకుంటే గోడ మీద మెయిన్ స్విచ్ ఉంది. అది బంద్ చేస్తే వరుసలో ఉన్న నాలుగు సాంచాలూ ఆగుతాయి. ఒక్క పోగు కోసం నాలుగింటిని ఎవరూ ఆపరు. ఎర్ర లైటు వెలిగితే చాలు, చెయ్యి లోపల పెట్టేస్తారు. మా తమ్ముడూ అంతే. అందరూ అంతే.

మొదటి డబ్బాలు బాగానే నడిచాయి. తర్వాత సేటుకు ఒక ఆలోచన వచ్చింది. సాంచ ఎంతసేపు ఖాళీగా నిలబడిందో కూడా డబ్బా మీద కనపడాలన్నాడు. పనివాళ్లు బీడీకి పోయి పోగు తెగిందని చెబుతున్నారని ఆయన అనుమానం. సారు సరేనన్నాడు. అదే సమయంలో పాత చిప్పు బజారులో దొరకడం ఆగిపోయింది. కొత్త చిప్పు, కొత్త ప్రోగ్రాం. నా బిడ్డ కూర్చొని రాసింది. జగిత్యాలలో సాంచ లేదు కాబట్టి సిరిసిల్లకు వచ్చి మామ సాంచ మీదనే పరీక్ష చేసింది. కత్తెరతో పోగు తెంపింది. సాంచ ఆగింది, లైటు వెలిగింది. మామ ముడేశాడు, బటన్ ఒత్తాడు, నడిచింది. మళ్లీ తెంపింది, మళ్లీ ఆగింది. ఎన్నిసార్లు చేసినా తప్పలేదు. కొత్త డబ్బాలు ఆ కార్ఖానాలోనూ, కోరుట్లలో ఇంకో కార్ఖానాలోనూ పెట్టారు.

ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడి సాంచలో నాడె మధ్యలో ఇరుక్కుంది. నాడె ఇరుక్కుంటే ఒక పోగు తెగదు, గంపగుత్తగా తెగుతాయి. డబ్బా సాంచను ఆపింది. ఎర్ర లైటు వెలిగింది. తమ్ముడు నాడె తీసేసి, తల వంచి, చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక్కొక్క పోగూ వెతికి ముడేస్తున్నాడు. సాంచ నడిచింది.

నేను దవాఖానకు పోయేసరికి కట్టు కట్టేశారు. కుడిచేతి మధ్య వేళ్లు మూడూ తీసేశారని మరదలు చెప్పింది. బొటనవేలు, చిటికెనవేలు ఉన్నాయి. ముడి వేయడానికి అవి రెండూ పనికిరావు. బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్యనే ముడి పడుతుంది. ఈ సంగతి నేత ఇంట్లో పుట్టిన ఎవరికీ చెప్పనక్కర్లేదు. 

సేటు పళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టాడు. "మోచెయ్యి తాకి ఆకుపచ్చ బటన్ ఒత్తుకపోయినట్టున్నది. జర సూసుకోవాలె గదనే" అన్నాడు. తమ్ముడు తలాడించాడు. సేటు పోయాక నా వైపు తిరిగాడు.

"తాకిందో ఏమో అక్కా. నాకు యాదికి లేదు. నేనే ఒత్తిన్నేమో."

"తాకితె నీకు ఎరుక గాదా?"

"ఏమో. గా తర్వాత ఏం ఎరుక లేదు."

ఇంటికి వచ్చాక కూడా అదే మాట. పలకరించడానికి వచ్చినవాళ్లకు వాడే ముందుగా చెప్పేవాడు. నా మోచెయ్యే, నా ఖర్మే అని. మంచం మీద కూర్చొని మోచేతిని గాలిలో అటూ ఇటూ కదిపి చూసుకునేవాడు, ఎట్లా తాకి ఉంటుందో అని. ఎడమచేత్తో అన్నం తినడం చేతకాక కంచం నెట్టేసేవాడు. సాంచాలు ఆగలేదు. వాడి నాలుగు సాంచాల మీద సేటు ఇంకో మనిషిని పెట్టాడు. అదే డబ్బా, అదే ఎర్ర లైటు.

నా బిడ్డ జగిత్యాల నుంచి వచ్చింది. మామ కట్టు వైపు చూడలేక గోడ వైపు చూస్తూ అడిగింది.

"మామా, ఎంతసేపు ముడేసినవ్?"

"ఎంతసేపేంది కోడలా? శానా పోగులు తెగినయ్."

"నిమిషం దాటిందా?"

"నిమిషమా? గన్ని పోగులకు నిమిషమేం సరిపోతది? నీకు ముడెయ్యుడు నేర్పలేదు మీ అమ్మ."

వాడు నవ్వించాలనే అన్నాడు. అది నవ్వలేదు. మంచినీళ్లు కూడా తాగకుండా బస్సుకు వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చినప్పుడు దాని సంచిలో ఒక డబ్బా, గుప్పిట్లో పట్టేంత మోటారు ఉన్నాయి. తమ్ముడింట్లో నేల మీద పెట్టి వైర్లు కలిపింది. మోటారు తిరిగింది. ఒక పోగు అడ్డం పెట్టి తెంపింది. మోటారు ఆగింది, ఎర్ర లైటు వెలిగింది.

"ఎవలు ముట్టకుండ్రి" అంది.

అందరం దూరంగా జరిగాం. తమ్ముడు మంచం మీద, మరదలు గడప దగ్గర, నేను గోడకు ఆనుకొని. ఆకుపచ్చ బటన్ డబ్బా మీద అందరికీ కనపడుతూ ఉంది. ఎవరి మోచెయ్యీ దాని దరిదాపుల్లో లేదు. బయట ఎవరో కూరగాయలు అమ్ముతూ పోయారు. తమ్ముడు విసుక్కున్నాడు. "ఏం సూడాలె కోడలా?" అన్నాడు. అది డబ్బా మీదనే చూపు పెట్టింది. మరదలు పొయ్యి మీద పప్పు చూసి వస్తానని లేవబోయింది.

మోటారు తిరిగింది.

ఎర్ర లైటు ఆరిపోయి, మోటారు దానంతట అదే తిరుగుతూ ఉంది. నేల మీద గిరగిరా కొట్టుకుంటూ బండకు తగిలి చప్పుడు చేసింది. నా బిడ్డ వైరు పీకింది. తమ్ముడు చాలాసేపు డబ్బానే చూశాడు. తర్వాత కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు, పసిపిల్లను పెట్టుకున్నట్టు.

"నా మోచెయ్యి గాదన్నట్టు" అన్నాడు.

"గాదు మామా. నాది."

అప్పుడు అది చెప్పింది. నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. సి భాషలో అంకెను ఊరికే రాయరట. ముందుగా ఏ గిన్నెలో పోస్తున్నామో చెప్పాలి. చిన్న గిన్నె, పెద్ద గిన్నె అని రకాలు ఉంటాయి. ఆ రకానికి మనమే ఒక పేరు పెట్టుకోవచ్చు. వాళ్ల దుకాణంలో పాత చిప్పు కోసం రాసుకున్న ఫైలులో ఒక పేరు ఉంది. ఆ పేరు చిన్న గిన్నెకు. కొత్త చిప్పుతో పాటు ఆ చిప్పు చేసిన కంపెనీ ఫైలు వచ్చింది. అందులోనూ అదే పేరు ఉంది. కానీ పెద్ద గిన్నెకు.

"మా అమ్మగారింట్ల సోల వేరు, మా అత్తగారింట్ల సోల వేరు, గట్లనా?" అన్నాను.

"గట్లనే. రెండిటినీ సోల అనే అంటరు. గొలిస్తె రెండు తీర్లు."

"మరి తప్పు రాస్తె కంప్యూటర్ తిడతదన్నవు గదా?"

అది తల వంచుకుంది. "తిట్టింది అమ్మా. ఒక్క పేరుకు రెండు అర్థాలు చెప్తున్నవని ఆపేసింది. నేను సారునడిగిన. ముందుగాల ఏది కనపడితె గదే నిజం, రెండోది చూడకని రాసెయ్యిమన్నడు. డబ్బాలు పంపే రోజు దగ్గరికచ్చింది. రాసిన. గది మల్ల ఏమనలె."

ఏమీ అనలేదు కాబట్టి సర్దుకుందని అనుకున్నారు. కానీ ప్రోగ్రాం ఒక్క ఫైలు కాదు, చాలా ఫైళ్లు. సేటుకు టైము చూపించే ఫైలులో కంపెనీ మాట ముందొచ్చింది. అక్కడ సోల పెద్దది. మోటారును ఆపే ఫైలులో పాత మాట ముందొచ్చింది. అక్కడ సోల చిన్నది. సాంచ ఆగగానే డబ్బా లోపల లెక్క మొదలవుతుంది. సెకండును వెయ్యి ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కా లెక్కపెడుతుంది. నిమిషం దాటి కొద్దిసేపటికి చిన్న గిన్నె నిండిపోతుంది. నిండితే పొర్లదట. మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా అంటే సాంచ ఆగనే లేదని ఆ డబ్బాకు అర్థం. ఆగని సాంచకు ఎర్ర లైటు ఎందుకు? ఆర్పేసి మోటారును నడిపిస్తుంది.

ఒక పోగు ముడికి కన్ను మూసి తెరిచినంత సేపు చాలు. అందుకే పరీక్షలో దొరకలేదు. నాడె ఇరుక్కున్నప్పుడు పట్టే సేపు దానికి తెలియదు. ఆ మాట నా బిడ్డకు ఎవరూ చెప్పలేదు, అదీ ఎవరినీ అడగలేదు.

తమ్ముడు అంతా విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"మరి గాళ్ల చేతులో?" అన్నాడు.

కార్ఖానాలో అప్పుడు కూడా డబ్బాలన్నీ నడుస్తున్నాయి. కోరుట్లలోనూ నడుస్తున్నాయి. నా బిడ్డ మా అందరి ముందే సారుకు ఫోన్ చేసింది. అందరికీ వినపడేట్టు పెట్టింది.

"సారు, దొరికింది. మోచెయ్యి గాదు, మన ప్రోగ్రామే. డబ్బాలు తీసెయ్యిమని సేట్లకు ఒక్క ఫోన్ చెయ్యుండ్రి."

సారు గొంతు తగ్గించాడు. "ఎవరికన్న చెప్పినవా?"

"లేదు సారు" అని మా మొహాలు చూస్తూనే అబద్ధమాడింది.

"చెప్పకు. ప్రోగ్రాం సక్కగ రాయి. సర్వీసని చెప్పి ఒక్కొక్క డబ్బా మారుద్దాం. ఇప్పుడు చెప్తే మీ మామ చెయ్యి మన మీదికొస్తది. దుకాణం మూతపడ్తది. నీతోటి పనిచేసే పిల్లలు ఏం తింటరు?"

"గప్పటిదాంక సారు?"

"గప్పటిదాంక ఏంగాదు. అందరికి నాడె ఇరుక్కుంటదా ఏంది?"

ఫోన్ పెట్టేశాడు. తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు.

"దినాం ఎవనికో ఒగనికి ఇరుక్కుంటది. గా సారుకు సాంచ సూపించలేదా కోడలా?"

తమ్ముడే పోయి సేటుకు చెప్పాడు. నేను తోడుపోయాను. సేటు గేటు దగ్గరే నిలబెట్టి విన్నాడు. చెయ్యి పోయినవాడు ఇట్లాంటి మాటలే అంటాడని, మేనకోడలు ముందే ఎందుకు చెప్పలేదని అన్నాడు. దుకాణం సారుతో మాట్లాడాకనే ఏదైనా అన్నాడు. అంతవరకు సాంచాలు ఆపేది లేదన్నాడు. తమ్ముడు దారి పొడుగునా నాకంటే ముందు నడిచాడు. ఇంటి ముందుకు వచ్చాక, "మొన్నటిదాంక నేనే మోచెయ్యి అని ఊరంత చెప్పిన గదా, ఇప్పుడు ఎవలు నమ్ముతరు" అన్నాడు.

పొద్దు ఉండగానే నేను కాగితాలు ముందు పెట్టుకున్నాను. కార్ఖానా లోపల నోటితో చెబితే వినపడదు. చేతులతో చెప్పడానికి ఈ సంగతికి సైగ లేదు. పగలు వచ్చినవాళ్లకు చెబితే రాత్రి వచ్చేవాళ్లకు అందదు. రాస్తే అక్కడే ఉంటుంది. నా అక్షరాలు పెద్దవి, ఒక కాగితానికి ఎక్కువ పట్టవు. "ఎర్ర లైటును నమ్మొద్దు. సాంచ దానికదే నడుస్తది. మెయిన్ బంద్ చేసి చెయ్యి పెట్టుండ్రి." ఇదే ఒక్కొక్క కాగితం మీదా రాశాను. మాటలు పుస్తకం భాషలో పెట్టలేదు, వాళ్లు మాట్లాడేట్టే పెట్టాను.

నా బిడ్డ పక్కన కూర్చొని చూసింది. "నౌకరి పోతది అమ్మా" అంది. వద్దని అనలేదు. కాసేపటికి అదే ఒక కాగితం తీసుకొని రాయడం మొదలుపెట్టింది. కోరుట్లకు కావాలి కదా అంది.

మరుసటి పొద్దున అది మొదటి బస్సుకు కోరుట్ల పోయింది. నేను మైదాపిండి ఉడకబెట్టి, గిన్నెను చెంగు కింద పట్టుకొని కార్ఖానాకు పోయాను. రాత్రివాళ్లు దిగుతున్నారు, పగటివాళ్లు ఎక్కుతున్నారు. ఎవరో కండెలు తెచ్చే అమ్మ వచ్చిందనుకొని ఎవరూ ఆపలేదు. డబ్బా డబ్బాకూ ఒక కాగితం అంటించాను. కొందరు చదివారు. ఒకతను చదివి మెయిన్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నాలుగు సాంచాలు ఆపితే ఎట్లా అని చేత్తోనే అడిగాడు. నేను నా కుడిచేతి మధ్య వేళ్లు మూడూ మడిచి చూపించాను.

సేటు వచ్చాడు. నోరు కదులుతోంది కానీ ఏమీ వినపడలేదు. తడి ఆరని కాగితాలను ఒక్కొక్కటే గీరి తీసి కింద వేశాడు. గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం చాక్‌పీసు బల్ల మీద ఉంది. తీసుకొని మెయిన్ స్విచ్ పైన గోడ మీద రాయడం మొదలుపెట్టాను. గోడ మీద రాయడం నాకు అదే మొదలు. సున్నం రాలి కళ్లలో పడింది. సగం రాసేసరికి వెనుక ఏదో తేడా తెలిసింది. తిరిగి చూస్తే మా తమ్ముడి వరుసలో ఒక సాంచ ఆగి ఉంది. ఎర్ర లైటు. నాడె ఇరుక్కుంది. కొత్తగా పెట్టిన మనిషి నడుం వంచి నాడె బయటకు తీస్తున్నాడు. అతను గోడ వైపు చూడలేదు. సేటు నా చేతిలో చాక్‌పీసు కోసం వస్తున్నాడు.

చాక్‌పీసు వదిలేసి మెయిన్ కిందికి లాగాను.